కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు చోటెక్కడ?

గాదె నిండా పాత ధాన్యం ఉంటే కొత్త పంట పోయడానికి వీలుండదు. బీరువా కిక్కిరిసి ఉంటే కొత్త బట్టలు పట్టవు. ఇది అందరికీ తెలిసిన సంగతే. మరి కంప్యూటర్ నిండిపోతే ఏమవుతుంది? మామూలు రోజుల్లో పెద్దగా ఏమీ అయినట్టు కనబడదు. కాస్త నెమ్మదిస్తుంది, అంతే. కాని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించబోయిన రోజున మాత్రం “తగినంత చోటు లేదు” అని తెర మీద ఒక వాక్యం వచ్చి పని ఆగిపోతుంది. అప్పుడు చాలామంది కంగారుపడి చేతికి దొరికిన ఫైలునల్లా చెరిపేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఏది చెరపవచ్చు, ఏది చెరపరాదు, ఏ వరుసలో చెరపాలి? ఇందులో కూడా ఒక శాస్త్రం ఉంది. ఆ శాస్త్రాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే?

కంప్యూటర్‌లో కనిపించే భాగాలు కొన్ని: తెర, కీబోర్డు, మౌస్, లోపల డిస్కు. వీటన్నిటి చేత పని చేయించే ప్రధాన ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్. బడిలో హెడ్మాస్టరుగారి వంటిదన్నమాట. ఏ తరగతి ఏ గదిలో కూర్చోవాలో, ఏ గంట ఎప్పుడు కొట్టాలో ఆయన నిర్ణయించినట్టే, ఏ ప్రోగ్రాముకు ఎంత స్థలం, ఏ ఫైలు ఎక్కడ అన్నది ఇది నిర్ణయిస్తుంది. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అలాంటివే. విండోస్‌ను తయారుచేసే మైక్రోసాఫ్ట్ సంస్థకు 2014 ఫిబ్రవరి నుంచి ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్న సత్య నాదెళ్ల మన హైదరాబాద్‌లో చదువుకున్నవారే.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోండి. కంప్యూటర్‌లో రెండు రకాల జ్ఞాపకశక్తి ఉంటుంది. మొదటిది ర్యామ్. ఇది నల్లబల్ల లాంటిది. పాఠం జరుగుతున్నంతసేపు రాసుకుంటాం, గంట కొట్టగానే తుడిచేస్తాం. కంప్యూటర్‌ను ఆపితే ర్యామ్‌లో ఉన్నది పోతుంది. రెండోది నిల్వ, అంటే హార్డ్ డిస్కు గాని సాలిడ్ స్టేట్ డ్రైవ్ గాని. ఇది బీరువా లాంటిది. కరెంటు పోయినా ఇందులో పెట్టినది అలాగే ఉంటుంది. ఈ వ్యాసంలో మనం ఖాళీ చేయబోయేది బీరువాను, నల్లబల్లను కాదు.

మార్చకపోతే నష్టమేమిటి?

“పాతది బాగానే పనిచేస్తోంది గదా! కొత్తది ఎందుకు?” అని మీరు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవారికి మాత్రం మరికొంత కాలం గడువు ఇచ్చారు. ఆ తేదీ తరువాత కంప్యూటర్ ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు దొరకదు. గోడకు కన్నం పడిందని తెలిసినా పూడ్చే మేస్త్రీ రాడన్నమాట.

కన్నం పూడ్చకపోతే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. విండోస్‌లో ఉన్న ఒక లోపానికి ఆ ఏడాది మార్చి 14న సవరణ విడుదలైంది. దాన్ని వేసుకోని కంప్యూటర్లు లక్షల్లో మిగిలిపోయాయి. సరిగ్గా రెండు నెలలు కూడా నిండకముందే, మే 12న, ‘వాన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ఆ లోపం గుండానే వ్యాపించింది. అది ఫైళ్లకు తాళం వేసి, తాళం తీయాలంటే డబ్బు చెల్లించమని అడిగేది. 150కి పైగా దేశాలలో కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఇంగ్లండులో ఆసుపత్రుల పని స్తంభించింది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లకు కూడా అది సోకింది. మందు రెండు నెలల ముందే వచ్చింది. వేసుకోనివారికే జబ్బు చేసింది.

ఇప్పుడు చోటుకూ దీనికీ ఉన్న సంబంధం చూడండి. డిస్కు నిండిపోయిన కంప్యూటర్‌లో సవరణలు దిగవు, కొత్త సిస్టమ్ ఎక్కదు. కనుక డిస్కులో ఖాళీ ఉంచుకోవడమంటే శుభ్రత పని మాత్రమే కాదు, రక్షణ పని కూడా.

ఇంత చోటు ఎందుకు?

విండోస్ 11 పెట్టడానికి కనీసం 64 గిగాబైట్ల నిల్వ, 4 గిగాబైట్ల ర్యామ్ ఉండాలి. ఒకప్పటి లెక్కలతో పోల్చితే ఇది ఎంత పెద్ద సంఖ్యో తెలుస్తుంది. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తయారుచేసిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. అంత భారీ యంత్రంలో పట్టింది 50 లక్షల అక్షరాలు మాత్రమే. 1969లో మన హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. అందించిన టి.డి.సి.-12 కంప్యూటర్ ప్రధాన జ్ఞాపకంలో 4,096 గళ్లు ఉండేవి, ఒక్కో గడిలో 12 బిట్లు. గుణించి చూడండి: 49,152 బిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 6,144 బైట్లు, అంటే సరిగ్గా 6 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసం కూడా అందులో పట్టదు! 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి ఒకటిన్నర గిగాబైటు చాలింది.

సరే, కొత్త సిస్టమ్ సైజెంతో అంత చోటుంటే చాలదా? చాలదు. ఎందుకో ఆలోచించండి. ఉన్న ఇంటిని కూల్చి, అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టాలంటే కొన్నాళ్లు మీరెక్కడుంటారు? పక్కన తాత్కాలికంగా ఒక గుడిసె కావాలి. ఇటుక, ఇసుక దించుకోవడానికి చోటు కావాలి. పాత ఇంటి తలుపులు, కిటికీలు జాగ్రత్తగా పెట్టుకోవడానికి మరికొంత కావాలి. కంప్యూటర్‌లో జరిగేది కూడా ఇదే:

మొదట కొత్త సిస్టమ్ ఒక పెద్ద మూట రూపంలో దిగుతుంది. ఇది సుమారు 5 గిగాబైట్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉండవచ్చు. రెండోది, ఆ మూటను విప్పాలి. విప్పిన సామాను మూటకంటె ఎక్కువ చోటు తీసుకుంటుంది. మూడోది, పాత సిస్టమ్‌ను వెంటనే పారేయరు. ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే పేరుతో ఒక పక్కన దాచి ఉంచుతారు. కొత్తది సరిపడకపోతే వెనక్కి వెళ్లడానికి మామూలుగా 10 రోజుల గడువు ఉంటుంది. అంటే కొన్నాళ్లపాటు పాతదీ కొత్తదీ రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తాయన్నమాట. కనుక అసలు పని మొదలుపెట్టే ముందు 30 గిగాబైట్లయినా ఖాళీగా ఉంచుకోవడం క్షేమం.

128 కాస్తా 119 ఎలా అయింది?

చోటు చేయాలంటే ముందు కొలవాలి. కొలవబోతే మొదట్లోనే ఒక వింత ఎదురవుతుంది. 128 గిగాబైట్ల డ్రైవ్ కొన్నామనుకోండి. పెట్టె మీద 128 అనే ఉంటుంది. కాని విండోస్ తెర మీద చూస్తే సుమారు 119 మాత్రమే కనబడుతుంది. దుకాణదారు మోసం చేశాడా? లేదు. కొలమానాలు రెండు ఉన్నాయి.

డ్రైవ్ తయారుచేసేవారు గిగాబైటు అంటే 100 కోట్ల బైట్లని లెక్కిస్తారు. విండోస్ మాత్రం 1,024ను 1,024తో, మళ్లీ 1,024తో గుణిస్తుంది. అంటే 107,37,41,824 బైట్లకు ఒక గిగాబైటు. 128 వందల కోట్ల బైట్లను ఈ సంఖ్యతో భాగిస్తే 119.2 వస్తుంది. బైట్లు ఒక్కటీ తగ్గలేదు, కుంచం పెద్దదయింది. అంతే!

ఇంకొక కొలత చూద్దాం. కంప్యూటర్ తెలుగును యూనికోడ్ పద్ధతిలో దాస్తుంది. అక్షరాన్ని విడదీసి, హల్లుకొకటి, గుణింతపు గుర్తుకొకటి, పొల్లుకొకటి చొప్పున సంకేతాలు వాడుతుంది. ‘బెల్లంపల్లి’ అనే మాటను తీసుకోండి. బ, ఎత్వం, ల, పొల్లు, ల, సున్న, ప, ల, పొల్లు, ల, గుడి. మొత్తం 11 సంకేతాలు. ఎక్కువగా వాడే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. కనుక మన ఊరిపేరు 33 బైట్లు. అదే పేరును ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే 11 అక్షరాలకు 11 బైట్లే.

అయ్యో, తెలుగు అంత చోటు తింటుందా అనుకోకండి. సెల్‌ఫోన్‌తో తీసిన ఒక నిమిషం వీడియో సుమారు 100 మెగాబైట్లు ఉండవచ్చు. అంత చోటులో ‘బెల్లంపల్లి’ అని 30 లక్షలసార్లు రాసుకోవచ్చు! దీనినిబట్టి తెలిసేదేమిటి? చోటు చేయడానికి మీరు రాసుకున్న నోట్సు, వ్యాసాలు చెరిపి ప్రయోజనం లేదు. అవి రేణువులు. వీడియోలు బండరాళ్లు. ముందు బండరాళ్ల వైపు చూడాలి.

బొగ్గు గని చెప్పే పాఠం

బెల్లంపల్లి చుట్టుపక్కల పిల్లలకు భూగర్భ గనుల సంగతి ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. గనిలో ఉన్న బొగ్గునంతా ఒక్కసారిగా తవ్వి తీయరు. సొరంగాలు తవ్వుకుంటూ పోతూ, మధ్యమధ్య చదరాలుగా బొగ్గు స్తంభాలను వదిలేస్తారు. వాటినే పిల్లర్లు అంటారు. అవి కూడా బొగ్గే. తీస్తే డబ్బు వస్తుంది. అయినా ఎందుకు తీయరు? పైకప్పును మోస్తున్నది అవే కాబట్టి. చివరలో వాటిని తీయవలసి వచ్చినా ఒక పద్ధతి ప్రకారం, ఆధారాలు పెట్టుకుంటూ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలోనే తీస్తారు. ఖాళీ అయిన చోట ఇసుక నింపే పద్ధతి కూడా ఉంది.

కంప్యూటర్‌లోనూ పిల్లర్లు ఉన్నాయి. సి డ్రైవ్‌లో ‘విండోస్’, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అనే సంచులు కనబడతాయి. ‘విన్ ఎస్ఎక్స్ఎస్’ అనే సంచి అయితే చాలా పెద్దదిగా కనబడి నోరూరిస్తుంది. “ఇంత పెద్దది! దీన్ని చెరిపితే ఒక్క దెబ్బతో పని అయిపోతుంది” అనిపిస్తుంది. ముట్టుకోకండి సుమా! సిస్టమ్ కప్పును మోసే పిల్లర్లు అవి. చేత్తో చెరిపితే కంప్యూటర్ మళ్లీ లేవకపోవచ్చు. అందులో పనికిరానివి ఉంటే వాటిని తీసే పనిని విండోస్‌లోనే ఉన్న శుభ్రపరిచే ఉపకరణానికి వదిలిపెట్టాలి. ఏ స్తంభం తీయవచ్చో ఏది తీయరాదో దానికి తెలుసు.

చెరిపేస్తే నిజంగా పోతుందా?

ఫైలును చెరిపేసినా ఖాళీ పెరగలేదని కొందరు ఆశ్చర్యపోతారు. కారణం ఇది. డెలీట్ నొక్కగానే ఫైలు ‘రీసైకిల్ బిన్’ అనే బుట్టలోకి వెళ్తుంది. కాగితాన్ని నలిపి గదిలో మూలనున్న బుట్టలో వేస్తే గదిలో చెత్త తగ్గినట్టా? బుట్టను బయట గుమ్మరించినప్పుడే గదికి చోటు వస్తుంది.

బుట్టను ఖాళీ చేశాక కూడా ఒక తమాషా ఉంది. డిస్కును చిన్న చిన్న గళ్లుగా విభజించి, ఏ ఫైలు ఏ గళ్లలో ఉందో ఒక పట్టికలో రాసుకుంటుంది కంప్యూటర్. బుట్టను ఖాళీ చేస్తే ఆ పట్టికలో “ఈ గళ్లు ఇక ఖాళీ” అని రాస్తుందే తప్ప గళ్లలో ఉన్నదాన్ని వెంటనే తుడవదు. గనిలో బొగ్గు తీశాక ప్లాను మీద గుర్తు పెడతారు. ఇక్కడ సరిగ్గా తలక్రిందులు: ప్లాను మీద గుర్తు పెడతారు గాని బొగ్గు అక్కడే ఉంటుంది! తరువాత వేరే ఫైలు వచ్చి ఆ గళ్లలో కూర్చున్నప్పుడే పాతది నిజంగా పోతుంది. అందుకే హార్డ్ డిస్కులో పొరపాటున చెరిపిన ఫైలును వెంటనే గుర్తిస్తే నిపుణులు కొన్నిసార్లు తిరిగి తీయగలుగుతారు. సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లలో మాత్రం ఖాళీ అన్న గళ్లను డ్రైవ్ తానే తీరిక చూసుకుని తుడిచేస్తుంది. కాబట్టి అక్కడ ఆశ తక్కువ.

గళ్ల సంగతి వచ్చింది కాబట్టి మరొకటి. విండోస్‌లో ఒక గడి మామూలుగా 4,096 బైట్లు. 5,000 బైట్ల ఫైలుకు ఒక గడి చాలదు. రెండు గళ్లు, అంటే 8,192 బైట్లు కేటాయించాలి. మిగిలిన 3,192 బైట్లు వృథా. నలుగురు కూర్చునే బెంచీలు ఉన్న తరగతిలో ఐదుగురికి రెండు బెంచీలు ఇచ్చినట్టు. వేలకొద్దీ చిన్న ఫైళ్లు పోగైతే ఈ వృథా కూడా కనబడుతుంది.

అంగారక గ్రహం మీద నిండిపోయిన డిస్కు

ఫైళ్లు పోగుపడడం ఎంత చిక్కు తెస్తుందో అంగారకుడి మీద కూడా తేలింది. అమెరికా పంపిన ‘స్పిరిట్’ అనే రోవర్ బండి 2004 జనవరి 4న అక్కడ దిగింది. రెండున్నర వారాలకే, జనవరి 21న, దాని మాట ఆగిపోయింది. కంప్యూటర్ మొదలవుతుంది, ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. ఇలా 60 సార్లకు పైగా జరిగింది. రాత్రి నిద్రపోవలసిన యంత్రం నిద్రపోక బ్యాటరీని ఖర్చు చేయసాగింది.

కారణమేమిటి? రోవర్‌లో 256 మెగాబైట్ల ఫ్లాష్ నిల్వ ఉంది. భూమి నుంచి బయలుదేరినప్పటి నుంచి అందులో ఫైళ్లు పోగవుతూ వచ్చాయి. కంప్యూటర్ మొదలైన ప్రతిసారీ ఆ ఫైళ్ల పట్టికను ర్యామ్‌లోకి తెచ్చుకోవాలి. ఫైళ్ల సంఖ్య పెరిగి పట్టిక పెద్దదై దానికి కేటాయించిన చోటు చాలలేదు. చాలక ఆగిపోయేది, ఆగి మళ్లీ మొదలయ్యేది, మొదలై మళ్లీ అదే పట్టిక తెరిచేది. భూమి మీది ఇంజనీర్లు ఏం చేశారు? ఫ్లాష్ నిల్వ జోలికి పోకుండా మొదలవమని ఆజ్ఞ పంపారు. రోవర్ లేచింది. అప్పుడు అక్కరలేని ఫైళ్లను కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి చెరిపారు. ఆ బండి 2010 మార్చి వరకు మాట్లాడింది! బీరువా ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, అందులోని వస్తువుల చిట్టా ఎంత పొడవన్నది కూడా లెక్కలోకి వస్తుందని దీనివల్ల తెలిసింది.

ఇక పని మొదలుపెడదాం

ఒక బడి కంప్యూటర్‌ను ఊహించుకుందాం. తెర మీద 119 గిగాబైట్లు చూపే డ్రైవ్. ‘సెట్టింగ్స్’లో ‘సిస్టమ్’, అందులో ‘స్టోరేజ్’ తెరిస్తే లెక్క ఇలా ఉందనుకోండి: సిస్టమ్ 38, ప్రోగ్రాములు 14, తాత్కాలిక ఫైళ్లు 9, రీసైకిల్ బిన్ 7, డౌన్‌లోడ్లు 16, విద్యార్థుల పత్రాలు, ఫోటోలు, వీడియోలు 31. మొత్తం 115. ఖాళీ 4 మాత్రమే. మనకు కావలసింది కనీసం 30.

మొదటి మెట్టు: అర్హత చూడడం. చోటు ఉన్నంత మాత్రాన ప్రతి కంప్యూటర్‌కూ విండోస్ 11 రాదు. ప్రాసెసర్ అంగీకరించిన జాబితాలో ఉండాలి. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా విభాగం ఉండాలి. దీన్ని పరీక్షించడానికి మైక్రోసాఫ్ట్ వారి ‘పీసీ హెల్త్ చెక్’ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అర్హత లేకపోతే చోటు కోసం చేసే ప్రయాస అంతా వృథా. అలాంటి పాత కంప్యూటర్లను లినక్స్‌తో నడుపుకోవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ సిస్టమ్‌ను కూడా రూపొందించింది.

రెండో మెట్టు: నకలు. ఒక్క ఫైలు కూడా చెరపకముందే, పోతే మళ్లీ దొరకనివాటిని బయటి డిస్కులోకి గాని పెన్‌డ్రైవ్‌లోకి గాని నకలు చేయాలి. ఏవి మళ్లీ దొరకవు? పదో తరగతి వాళ్ల ప్రాజెక్టు, బడి వార్షికోత్సవం ఫోటోలు, మార్కుల పట్టికలు. ఏవి మళ్లీ దొరుకుతాయి? దింపుకున్న ప్రోగ్రాములు, పాఠ్యపుస్తకాల నకళ్లు. వీలైతే మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట ఉండాలన్నది నిపుణులు పాటించే నియమం.

మూడో మెట్టు: నకలును పరీక్షించడం. నకలు చేశాక వదిలేయకండి. పెన్‌డ్రైవ్‌ను తీసి మరో కంప్యూటర్‌కు పెట్టి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ఫోటో కనబడుతోందా? పత్రంలో తెలుగు సరిగా వస్తోందా? తెరిచి చూడని నకలును నమ్మరాదు.

నాలుగో మెట్టు: ప్రమాదం లేనివి. తాత్కాలిక ఫైళ్లను విండోస్ ఉపకరణంతోనే తీసేయండి. రీసైకిల్ బిన్‌లో మీకు కావలసినదేదీ లేదని ఒకసారి చూసుకుని ఖాళీ చేయండి. 9, 7 కలిపి 16. మొదటి 4తో కలిపి ఖాళీ 20 అయింది. ఒక హెచ్చరిక: శుభ్రపరిచే జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ అనే గడి కూడా కనబడుతుంది. చూడకుండా దానికి టిక్కు పెట్టకండి. చాలామంది తమ ముఖ్యమైన ఫైళ్లను అందులోనే వదిలేస్తారు.

ఐదో మెట్టు: డౌన్‌లోడ్లు. వాటిని సైజు ప్రకారం వరుసపెట్టండి. పెద్దవి పైకి వస్తాయి. 16లో 5 గిగాబైట్లవి అవసరమైనవి, మిగిలిన 11 పనికిరానివి అనుకుందాం. 11 చెరిపి బుట్టను ఖాళీ చేస్తే ఖాళీ 31.

ఆరో మెట్టు: తరలింపు. వీడియోలలో 20 గిగాబైట్లవి బయటి డిస్కుకు మార్చండి. ఇవి చెరపవలసినవి కావు, చోటు మారవలసినవి. ఒక్క మాట! బయటి డిస్కులో నకలు పెట్టి కంప్యూటర్‌లోది చెరిపితే మీకు మిగిలేది మళ్లీ ఒకే ప్రతి. కాబట్టి అపురూపమైన వాటికి మరో నకలు వేరే చోట ఉంచండి. ఇప్పుడు ఖాళీ 51. సిస్టమ్ పిల్లర్లను ముట్టుకోలేదు, ఎవరి ఫైలూ పోలేదు, చోటు మాత్రం పదమూడింతలకు దగ్గరైంది.

వరుస ఎందుకిలా పెట్టామో గమనించారా? తిరిగి తెచ్చుకోగల పనులు ముందు, తిరిగి తెచ్చుకోలేని పనులు తరువాత. ప్రయోగశాలలో ఆమ్లాన్ని నీటిలో పోయాలే గాని నీటిని ఆమ్లంలో పోయరాదని మీకు చెప్పి ఉంటారు గదా! చేసే పని ఒకటే అయినా వరుస మారితే ఫలితం మారుతుంది.

నకలు తప్పనిసరి అనడానికి సాక్ష్యం

“జాగ్రత్తగా చేస్తాం, నకలు దేనికి?” అనేవారి కోసం ఒక సంఘటన. 2018 అక్టోబరు 2న విండోస్ 10కు ఒక పెద్ద నవీకరణ విడుదలైంది. కొందరు వాడుకరులు తమ పత్రాల సంచిని వేరే డ్రైవ్‌కు మార్చుకుని ఉన్నారు. అలాంటప్పుడు పాత చోట అదే పేరుతో ఒక సంచి మిగిలిపోతుంది. ఆ మిగిలిపోయిన సంచిని తీసేసి శుభ్రం చేద్దామని ఆ నవీకరణలో ఏర్పాటు చేశారు. కాని కొందరి కంప్యూటర్లలో ఆ పాత సంచి ఖాళీగా లేదు, అందులో ఫైళ్లు ఉన్నాయి. సంచితోపాటు అవీ పోయాయి. ఫిర్యాదులు రాగానే కొద్ది రోజులలోనే మైక్రోసాఫ్ట్ ఆ నవీకరణను ఆపివేసి, సరిచేసి నవంబరు 13న మళ్లీ విడుదల చేసింది. నష్టపోయినవారు చాలా కొద్దిమందే. కాని పోయిన ఫోటో మీదే అయితే, కొద్దిమందే అన్న మాట ఊరటనిస్తుందా?

ఇందులో ఆ వాడుకరుల తప్పేమీ లేదు. తప్పు మనది కాకపోయినా నష్టం మనదే కావచ్చు. నకలు ఉన్నది అందుకే.

ఎక్కించే రోజున

వేసవిలో గాలివానతో కరెంటు పోవడం మనకు కొత్త కాదు. సిస్టమ్ మారుతుండగా కరెంటు పోతే సగం కట్టిన ఇంటిలో చిక్కుకున్నట్టు అవుతుంది. యు.పి.ఎస్. ఒక్కటే చాలదు. అది కొద్ది నిమిషాలే ఆదుకుంటుంది, ఈ పనికి గంట దాటవచ్చు. కాబట్టి కరెంటు కోత లేని వేళ చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉంచి, ఛార్జరు కూడా పెట్టండి. బయటి డిస్కును తీసి పక్కన పెట్టండి. పనిలో ఉండగా కంప్యూటర్ రెండు మూడుసార్లు తానే ఆగి మొదలవుతుంది. కంగారుపడి బటన్ నొక్కకండి.

పని పూర్తయ్యాక ‘విండోస్ డాట్ ఓల్డ్’ను వెంటనే తీసేయాలని తొందరపడకండి. ప్రింటరు పనిచేస్తోందా, తెలుగు టైపు సాగుతోందా, పాత ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయా, ఒక వారంపాటు చూడండి. అన్నీ సరిగా ఉంటే అప్పుడు దాన్ని తీసేయవచ్చు. గడువు దాటాక విండోస్ తానే తీసేస్తుంది కూడా. ఈ పనులను బడి కంప్యూటర్‌లో మీ మాస్టారు దగ్గర ఉన్నప్పుడే చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

మీరే చేసి చూడండి

1. మీ బడిలోనో ఇంట్లోనో ఉన్న కంప్యూటర్‌లో గాని, ఫోన్‌లో గాని నిల్వ లెక్కను తెరిచి, ఏ రకం ఫైళ్లు ఎంత చోటు తీసుకున్నాయో పట్టిక వేయండి. దాన్ని వృత్తచిత్రంగా గీయండి. చూడడమే, ఏదీ చెరపకండి.

2. 256 గిగాబైట్ల డ్రైవ్ విండోస్ తెర మీద ఎంతగా కనబడుతుంది?

3. 10,000 బైట్ల ఫైలుకు 4,096 బైట్ల గళ్లు ఎన్ని కావాలి? వృథా అయ్యే బైట్లు ఎన్ని?

4. ‘మంచిర్యాల’ అనే మాట యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఎన్ని బైట్లు?

5. మీ ఇంట్లో ఉన్న ఫైళ్లలో, పోతే మళ్లీ ఎక్కడా దొరకనివి ఏవో ఐదు రాయండి. వాటికి నకలు ఉందా?

జవాబులు: 2. సుమారు 238.4 గిగాబైట్లు. 3. మూడు గళ్లు, 2,288 బైట్లు. 4. తొమ్మిది సంకేతాలు, 27 బైట్లు. ఐదో ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంది. “లేదు” అన్నదే మీ జవాబైతే ఈ వారంలోనే నకలు చేయించండి.